బీపీ నార్మల్ అయిందట, ఇక మాత్రలెందుకట!

ఇప్పుడే బాబాయి టిఫిను చేసి వెళ్ళాడు. పక్షవాతం వచ్చి మంచాన ఉన్న నాన్న పక్క నేను దులుపుతుంటే దిండు గలీబులోంచి పాత కళ్ళజోడు పెట్టె జారి పడింది. తెరిస్తే కళ్ళజోడు లేదు, మాత్రలున్నాయి. పన్నెండు. నాలుగు రోజులుగా అమ్మ నీళ్ళగ్లాసుతో సహా చేతిలో పెట్టినవన్నీ అందులోనే ఉన్నాయి. అడిగితే నాన్న గోడవైపు తిరిగి, "బీపీ నార్మల్‌కొచ్చిందిగా, ఇంకా దేనికే, కిడ్నీలు పోతాయంట" అన్నాడు. ఆ 'అంట' ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగక్కర్లేదు. ఈ నాలుగు రోజులూ పొద్దున్నే బాబాయి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

నార్మల్‌కొచ్చింది మాత్ర వేసుకుంటున్నందుకే కదా! ఇల్లు కారడం లేదని పైన వేసిన రేకు పీకేస్తారా ఎవరైనా? అయినా కిడ్నీల్ని తినేది అదుపు తప్పిన బీపీ అని ఆయనకి ఎవరు చెప్పాలి?

డిశ్చార్జి రోజు డాక్టరు అందరి ముందే చెప్పాడు. ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ, మొదటి నెలల్లో మరీనూ. బీపీ 130/80 లోపే ఉండాలి. రక్తం గడ్డ కట్టకుండా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్, మేము ఆపమనేదాకా ఆపొద్దు అని. బాబాయి అప్పుడు తల ఊపాడు కూడా. ఇప్పుడేమో "అదంతా కమిషన్ల కోసమమ్మా" అంటాడు. ఆస్పిరిన్ స్ట్రిప్పు టీ ఖరీదు కూడా ఉండదు, అందులో కమిషనెంతో ఆయనే లెక్క చెప్పాలి. తన షుగర్ మాత్ర మాత్రం ఇడ్లీ ముట్టకముందే జేబులోంచి తీసి వేసుకున్నాడు. ఆయనవి స్టీలు కిడ్నీలు కాబోలు.

పైగా చేతిలో కొత్తావకాయ సీసా. "వదిన చప్పిడి కూడు పెట్టి అన్నయ్యని నీరసపెట్టేస్తోంది" అట. కూర, చారు, మజ్జిగ అన్నిట్లో కలిపి రోజుకి ఉప్పు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటకూడదు. నాన్న ఒక్కడే తినలేడని అయిదు నెలలుగా అమ్మ కూడా అదే చప్పిడి పప్పు తింటోంది. అది ఎవరికీ కనపడదు. పిన్ని పంపిన ఆవకాయ మాత్రం ప్రేమ! (టీకొట్టు దగ్గర నాన్న చేతికి సిగరెట్ అందించే మహానుభావుల మీద ఇంకో పోస్టు రాస్తాను, ఓపిక ఉంటే.)

అసలు నా మంట ఇవాళ్టిది కాదు. భోగి పొద్దున నాన్న చేతిలో కాఫీ గ్లాసు జారిపోయి, మూతి ఓ పక్కకి పోయి, మాట ముద్దగా వస్తుంటే, 108కి చేస్తానన్న నా చేతిలోంచి ఫోను లాక్కున్నదెవరు? "వాతం చేసిందమ్మా, పండగపూట ఆస్పత్రేంటి" అని ఆముదం రాయించిందెవరు? పావురం రక్తం పట్టించాలని ఊరవతలికి మనిషిని పంపిందెవరు? గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలట. మేము నాన్నని స్కాన్ బల్ల ఎక్కించేసరికి ఏడు గంటలు దాటింది. ఎన్నింటికి మొదలైందని అడిగిన డాక్టరు, నేను చెప్పాక గడియారం వంక చూసి ఊరుకున్నాడు.

నాన్నకి కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. చొక్కా గుండీలు అమ్మే పెడుతుంది. ఇవాళ అది చూసి బాబాయి "అదృష్టవంతుడివి అన్నయ్యా" అని నవ్వాడు.

ఆవకాయ సీసా గేటు బయట గట్టు మీద పెట్టాను. ఫోటో ఫ్యామిలీ గ్రూపులో ఉంది, వచ్చి పట్టుకెళ్ళండి. ఇది చదివి అమ్మకి ఫోన్ చెయ్యబోయే చుట్టాలు, నాకే చెయ్యండి.