జీరోయింగ్ పెంచితే బుల్లెట్ బలం పెరగదు

షూటింగ్ ఆటలు ఆడే పిల్లల ఫోన్లలో కొన్నాళ్ళుగా ఒక సందేశం చేతులు మారుతోంది. హనుమకొండలో మా వీధి చివరి గేమింగ్ సెంటర్‌లోనూ, కరీంనగర్‌లో చదువుకుంటున్న మా చిన్నమ్మ కొడుకు స్నేహితుల మధ్యా అదే మాట వినిపిస్తోంది. దాని సారం ఇది. స్కోప్ జీరోయింగ్‌ను, అంటే గురిపెట్టిన చోటే బుల్లెట్ ఎంత దూరంలో తగలాలో ఎంచుకునే అమరికను, 100 మీటర్ల నుంచి 500 మీటర్లకు పెంచితే బుల్లెట్ వేగమూ బలమూ పెరుగుతాయట. ఆట మొదట్లోనే 500 పెట్టుకుంటే దగ్గరివాళ్ళకూ దూరంవాళ్ళకూ అదే సరిపోతుందట. బుల్లెట్ తుపాకీ గొట్టం దాటగానే దానంతట అది పైకి లేచి, ఆ తర్వాతే కిందికి దిగుతుందట. పరుగెత్తే శత్రువుకూ ఈ అమరికే చాలట. ఇది అన్ని ఆటలకూ వర్తిస్తుందట. ఈ ఐదింటిలో నాలుగు పూర్తిగా తప్పు. మూడోదానిలో మాత్రం సగం నిజం ఉంది.

మొదటి మాట నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా పొరపాట్లన్నీ దాని నుంచే పుట్టాయి. జీరోయింగ్ బుల్లెట్‌ను తాకదు. అది మార్చేది మన చూపు వెళ్ళే గీతకూ తుపాకీ గొట్టం చూసే దిశకూ మధ్య ఉన్న కోణాన్ని మాత్రమే. పెరట్లో పైపుతో నీళ్ళు పట్టేటప్పుడు దగ్గరి చెట్టుకు మూతిని తిన్నగా పెడతాం, గోడ వారనున్న చెట్టుకు కాస్త పైకెత్తుతాం. మూతి ఎత్తినంత మాత్రాన ట్యాంకులోని నీటికి కొత్త ఒత్తిడి రాదు. నిజమైన తుపాకీలోనూ ఇదే పని కళ్ళకు కనబడేలా జరుగుతుంది. ఏకేఎం రైఫిల్ మీద గురి చూసేందుకు ఉండే వెనుక సైట్ మీద 1 నుంచి 10 వరకు అంకెలు ఉంటాయి. ఒక్కో అంకె 100 మీటర్లకు గుర్తు. దాని మీది చిన్న బిళ్ళను ముందుకు జరిపితే సైట్ పట్టీ వెనుక అంచు పైకి లేస్తుంది. అప్పుడు ఆ అంచులోని గాడినీ, ముందున్న ముల్లునూ, శత్రువునూ ఒకే వరుసలోకి తేవాలంటే తుపాకీ మూతిని కొద్దిగా ఎత్తక తప్పదు. జరిగేది అంతే. లోపలి తుపాకీ మందు మారదు, తూటా బరువు మారదు, వేగం మారదు. చాలా ఆటల్లో దూరం పెరిగేకొద్దీ దెబ్బ తగ్గుతుంది. ఆ లెక్క వేరు, ఏ జీరోయింగూ దాన్ని తిరిగి పెంచలేదు.

రెండో మాట వల్లనే ఎక్కువ నష్టం జరుగుతోంది. పెద్ద అంకెలో చిన్న అంకె ఇమిడిపోతుందన్న భ్రమ ఇందులో ఉంది. లెక్క వేసి చూద్దాం. బుల్లెట్ సెకనుకు 800 మీటర్ల వేగంతో పోతోందనీ, గాలి నిరోధం లేదనీ అనుకుందాం. 100 మీటర్లు దాటేసరికి అది సుమారు 8 సెంటీమీటర్లు దిగుతుంది; 200 మీటర్లకు 31, 400 మీటర్లకు 122, 500 మీటర్లకు 191 సెంటీమీటర్లు. అంటే దూరం రెట్టింపైతే పతనం నాలుగింతలవుతుంది. గాలిని కూడా కలిపితే ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి. ఇప్పుడు జీరోయింగ్ 500 మీద ఉండగా 200 మీటర్ల దూరంలో నిలబడ్డవాడి ఛాతీకి గురిపెడితే, బుల్లెట్ గురికి దాదాపు 46 సెంటీమీటర్ల పైన పోతుంది. తలకు గురిపెడితే నెత్తి మీదుగా ఖాళీగా వెళ్ళిపోతుంది. తిరగేసి చూసినా అంతే: 100 మీద ఉంచి 500 మీటర్ల దూరంలోని ఛాతీకి కొడితే బుల్లెట్ ఒకటిన్నర మీటర్ల కిందికి పోయి కాళ్ళ దగ్గర మట్టిలో దిగుతుంది. 500 మీటర్లంటే ఎంతో తెలియాలంటే కాజీపేట జంక్షన్‌లో ఆగిన పొడవాటి రైలును తలచుకోవాలి. ఒక్కో బోగీ సుమారు 24 మీటర్లు అనుకుంటే 21 బోగీల అవతల నిలబడ్డ మనిషి అన్నమాట. ఆటలో మనకు ఎదురయ్యేవాళ్ళలో ఎక్కువమంది అంత దూరంలో ఉండరు.

మొన్న సెలవులకు వచ్చిన మా తమ్ముడు నా పక్కనే కూర్చుని ఆడుతూ, గోడ పక్కన కదలకుండా ఉన్నవాడి మీద వరుసగా ఐదు గుండ్లు వదిలాడు. ఐదూ ఆ తల మీది గోడకే తగిలి సున్నం రాలింది. "అన్నా, మౌస్ ఖరాబైంది కావచ్చు" అన్నాడు. స్క్రీన్ మీద జీరోయింగ్ 500 అని ఉంది. పేజ్ డౌన్ మీటను మూడుసార్లు నొక్కించి 200కు తెచ్చాను. ఆరో గుండుకు పని అయిపోయింది. ఆ పిల్లవాడు రెండు నెలలుగా తన చేతినే అనుమానించుకుంటున్నాడని తెలిసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

సైనికులు కూడా ఒకే అమరికతో పోరాడతారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఏకేఎం సైట్ మీద అందుకోసం ప్రత్యేకంగా ఒక అక్షరం చెక్కి ఉంటుంది. కానీ ఆ అమరిక 300 మీటర్లకు సమానం, చివరి అంకెకు కాదు. మధ్యలో బుల్లెట్‌కూ గురికీ ఉండే తేడా మనిషి ఒంటి ఎత్తును దాటకుండా ఉండేలా ఎంచుకున్న దూరం అది.

మూడో మాటలోని సగం నిజం గురించి చెబుతాను. గురి గీతతో పోల్చి చూస్తే బుల్లెట్ పైకి లేచినట్టు కనిపించే మాట వాస్తవమే. సైట్ గొట్టానికి పైన ఉంటుంది, గొట్టం కాస్త పైకి చూస్తూ ఉంటుంది. అందుచేత బుల్లెట్ ఆ గీతను కింది నుంచి ఒకసారి దాటి, మళ్ళీ దిగుతూ రెండోసారి దాటుతుంది. కానీ దానంతట అది లేవదు. గొట్టం చూసే దిశను పట్టి చూస్తే, మూతి దాటిన క్షణం నుంచే గురుత్వాకర్షణ దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది.

పరుగెత్తేవాడి విషయం రెండు వాక్యాల్లో తేలిపోతుంది. ఇదే లెక్కలో 400 మీటర్లు చేరడానికి బుల్లెట్‌కు అర సెకను పడుతుంది. సెకనుకు 6 మీటర్లు పరుగెత్తేవాడు ఆలోపు 3 మీటర్లు పక్కకు జరిగిపోతాడు, జీరోయింగ్ సరిచేసేది కిందిమీది తేడాను మాత్రమే.

ఇక అన్ని ఆటలకూ అన్న మాట. కౌంటర్-స్ట్రైక్‌లోనూ వాలొరాంట్‌లోనూ మీట నొక్కిన క్షణంలోనే దెబ్బ తగిలిందో లేదో ఆట తేల్చేస్తుంది. అక్కడ బుల్లెట్ ప్రయాణమూ లేదు, పతనమూ లేదు, కనుక జీరోయింగ్ అనే ప్రశ్నే రాదు. కంప్యూటర్ మీద ఆడే పబ్జీలోనూ, 2013లో వచ్చిన ఆర్మా 3లోనూ అది నిజంగా పనిచేస్తుంది. పబ్జీలో దూరం అంచనా వేయడానికి మ్యాప్ కూడా సాయపడుతుంది: ఎరాంగెల్ అనే మ్యాప్ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న నేల, దాన్ని పెద్దది చేసి చూస్తే కనిపించే చిన్న గడి ఒక్కొక్కటి 100 మీటర్లు. శత్రువు మనకు ఎన్ని గడుల దూరంలో ఉన్నాడో లెక్కపెట్టి అదే అంకె పెట్టుకోవాలి. దగ్గరి పోరులో అంత వ్యవధి దొరకదు. అప్పుడు 100 మీద వదిలేసి, దూరాన్ని బట్టి గురిని చేత్తోనే కొంచెం పైకి పట్టడం మేలు. మా తమ్ముడు ఇప్పుడు చేస్తున్నదీ అదే.