137 ఏళ్లు బతకబోయే ఎల్ఈడీ బల్బు గారికి

మహారాజశ్రీ ఎల్ఈడీ టార్చి బల్బు గారి దివ్య సముఖమునకు,

నిన్న ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం అయిదున్నర దాకా తమరి సేవలో తరించిన అభాగ్యుణ్ణి నేనేనండి. గుర్తుపట్టారా? పట్టరులెండి, ఆ నాలుగున్నర గంటల్లో తమరు ఒక్కసారైనా కళ్లు తెరిస్తే కదా.

తమర్ని పిలిపించింది నేనే, ఒప్పుకుంటా. నాన్న దగ్గరున్నది మూడు బ్యాటరీల ఇత్తడి టార్చి. పైన పూత ఎప్పుడో పోయింది, అమ్మ దసరాకి గిన్నెలతో పాటు దాన్ని కూడా చింతపండు పెట్టి తోమేస్తుంది. అందులో ఉన్న ఫిలమెంటు బల్బు తినే కరెంటులో వెలుగయ్యేది నూటికి ఏ అయిదు పాళ్లో, మిగతాదంతా వేడి. ఆ లెక్కన పెద్ద బ్యాటరీలు కొనీ కొనీ, నీరసించిపోయినవాటిని అరుగు మీద ఎండబెట్టీ పెట్టీ విసుగొచ్చి, ఓ ఎల్ఈడీ బల్బు పడేస్తే పోలా అనుకున్నా. మొదట వచ్చినాయన మర ఉన్న బల్బు. మా టార్చికి కావల్సింది మెడలో రేకు చక్రం ఉన్నది. ఆయన్ని వెనక్కి పంపి తమర్ని రప్పించేసరికి పన్నెండు రోజులు పట్టింది, పోనివ్వండి.

తమరి వంశం గొప్పదే. నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకు 2014లో ముగ్గురు సైంటిస్టులకి నోబెల్ ఇచ్చారు, ఆ నీలం వెలుగు మీద పసుప్పచ్చ పూత పూస్తేనే కదా తమరి తెల్లదనం. అందుకే నుదుట ఆ పసుపు బొట్టు, చూడగానే దణ్ణం పెట్టాలనిపించింది. డబ్బా మీద ఆయుష్షు 50,000 గంటలని వేశారు. లెక్కేశా, రోజుకి గంట చొప్పున 137 ఏళ్లు! నా మనవడి మనవడు కూడా తమర్ని ఊడబీకి బిగిస్తూ కూచుంటాడన్నమాట. అన్నీ రాసిన ఆ డబ్బా మీద, తమరికి కరెంటు ఏ వైపు నుంచి వస్తే స్వీకరిస్తారో ఆ ఒక్క ముక్క మాత్రం రాయలేదు.

నిన్న తమర్ని బిగించి స్విచ్చి ముందుకి తోశా. లేదు. చిలుము పట్టిందేమోనని అడుగు మూతలో స్ప్రింగుని ఉప్పు కాగితం పెట్టి మెరిసేదాకా రుద్దా, లేదు. స్విచ్చి కింద ఇత్తడి పట్టీ ఉంటుంది చూశారూ, దాన్ని కత్తి మొనతో రవ్వంత పైకెత్తా, అది కాస్తా వంకరపోతే మళ్లీ గంటసేపు దాన్ని సరిచేశా, అయినా లేదు. కొట్టుకెళ్లి కొత్త బ్యాటరీలు మూడు తెచ్చా, కొట్టాయన "ఇయ్యింకా ఎవరు వాడుతున్నారండీ" అని నా మొహంలోకి చూసి నవ్వాడు. తమరి మీద ఒక్క స్టారు రేటింగు కొట్టి, రిటర్న్ కూడా పెట్టేశా. అప్పుడు ఫోన్ చేశాడు మా బావమరిది, వీడియోలో రెండు సెకన్లు చూసి "బావా, బ్యాటరీలు తలకిందులుగా ఉన్నాయి కదా" అన్నాడు.

తలకిందులే. మా నాన్న నలభై ఏళ్లుగా బ్యాటరీ బొడిపె స్ప్రింగు వైపుకే పెడతాడు. బ్యాటరీ కారితే ఆ రసం బల్బు మీద పడకుండా ఉంటుందని ఆయన థియరీ, అందులో సైన్సు ఎంతో నన్నడక్కండి. నేనూ చిన్నప్పట్నుంచీ అలాగే చూశా, అలాగే పెట్టా. ఆ ఫిలమెంటు బల్బు ఒక్కరోజు కూడా "అయ్యా, ప్లస్సు ఇటు, మైనస్సు అటు ఉండాలి" అనలేదండి. ఎటునుంచి వచ్చినా కరెంటు కరెంటే కదా అని వెలిగింది, తీగ కాలాలంతే, దిక్కుతో దానికేం పని? 96 నవంబరు 6 రాత్రి తుఫాను మా కోనసీమని ఊడ్చేస్తున్నప్పుడు నాన్న ఈ టార్చితోనే మమ్మల్ని పెంకుటింట్లోంచి పక్కింటివాళ్ల డాబాలోకి నడిపించాడు. ఆ వానలో, ఆ చీకట్లో, వణికే చేతుల్తో బ్యాటరీలు ఎటు పెట్టాడో ఎవడు చూశాడు? వెలిగిందంతే!

మరి నీకేం రోగం? నువ్వేమన్నా మండలాఫీసులో గుమాస్తావా, అర్జీ సరైన కౌంటర్లోంచి రాకపోతే తలెత్తి చూడకపోడానికి? లోపల నాలుగు డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చే ముక్కలు) పెడితే ఎటు పెట్టినా వెలుగుతావట కదా, అదీ చెప్పాడు మా వాడు. "కానీ బావా, ఆ డయోడ్లే ఒకటిన్నర వోల్టు దాకా మింగేస్తాయి, నీ మూడు బ్యాటరీలు కలిపి ఇచ్చేదే నాలుగున్నర" అన్నాడు. అంటే తప్పు వైపు నుంచొచ్చినా లోపలికి రానివ్వాలంటే గుమ్మం దగ్గరే ఒక బ్యాటరీ మొత్తం లంచం కట్టాలన్నమాట. భలే ఆఫీసు!

సరే, తిప్పి పెట్టా, వెలిగావు. నిజం చెప్పొద్దూ, కళ్లు జిగేల్మన్నాయి. రిటర్న్ కేన్సిల్ చేసి, ఆ ఒక్క స్టారుని నాలుగు చేశా.

ఇక రాత్రి సంగతి. పది దాటాక కరెంటు పోయింది. వాడనప్పుడు బ్యాటరీలు తీసి కిటికీలో పెట్టడం నాన్న అలవాటు. చీకట్లో చేత్తో తడుముకుంటూ మూడూ వేశాడు, నలభై ఏళ్ల లెక్క ప్రకారం బొడిపెలు కిందకి. స్విచ్చి తోశాడు. మళ్లీ తోశాడు. "ఒరే, నీ బల్బు అప్పుడే పోయిందిరా" అన్నాడు. ఆ గొంతులో బాధేం లేదు, నాకు బాగా తెలుసు. నేను లేచి మూత విప్పేసరికి ఒక బ్యాటరీ దొర్లుకుంటూ మంచం కిందకి పోయింది, దాన్ని వెతకడానికి టార్చి కావాలి. చివరికి ఫోన్ లైటేసి వెతికా. 137 ఏళ్ల ఆయుష్షున్న ఎల్ఈడీకి ఫోన్ ఎల్ఈడీ పట్టుకుని బ్యాటరీ వెతికా!

దొరికాక ఇద్దరం పెరట్లోకెళ్లాం. కొబ్బరిచెట్టు మీద ఏదో గీకుతున్న చప్పుడు, ఎలకేమో. నాన్న పైకి వేశాడు. వెలుగు ఉంది, బోలెడంత ఉంది, నూతి పళ్లెం మీద, అరటి బోదెల మీద, నా లుంగీ మీద, అంతా పాలు ఒలికినట్టు. చెట్టు మొవ్వు మాత్రం చీకటే. పాత బల్బు తీగ సరిగ్గా అద్దం కేంద్రంలో కూచుని నాలుగు వైపులా చిమ్మేది, గిన్నెలాంటి ఆ అద్దం దాన్నంతా పోగేసి ఈటెలా విసిరేది, గెలలో కాయలు లెక్కపెట్టేవాళ్లం. తమరు ఎదరకి తప్ప ఎటూ చూడరు, వెనకున్న అద్దానికి సగం వెలుగు కూడా అందదు, అదక్కడ ఊరికే అలంకారం. నాన్న ఓ నిమిషం చూసి "ఇది పెట్రోమాక్సు లైటురా, సంబరానికి పనికొస్తది" అని లోపలికెళ్లిపోయాడు.

బ్యాటరీల విషయంలో మాత్రం తమరు పొదుపరులే. సగం కూడా తినరు. ఈ వాక్యం రాయడం నాకిష్టం లేదు.

పొద్దున్నే లేచేసరికి నాన్న అరుగు మీద కూచుని టార్చి విప్పుతున్నాడు. అడుగు మూతలో, స్ప్రింగు వెనకాల, చిన్న దూది ఉండ. అందులో ఒక ఫిలమెంటు బల్బు, 3.8 వోల్టులది. ఎప్పుడు దాచాడో ఆయనకే గుర్తులేదట. బిగించి, బ్యాటరీలు వేసి (బొడిపెలు ఎటో చెప్పక్కర్లేదనుకుంటా), ఎండలోనే నా మొహం మీదకి వేశాడు. పచ్చగా వెలిగింది.

ప్రస్తుతం తమరి మకాం ఆ దూదిలోనే. అది కూడా మాడిపోయిన రోజున కబురు చేస్తాం. తమరికి ఇంకా 136 ఏళ్ల పదకొండు నెలలు మిగిలే ఉన్నాయి కదా, తొందరేముంది.

ఇట్లు,
తమరి కోసం ఆదివారం పోగొట్టుకున్నవాడు

తా.క. ఆ నాలుగు స్టార్లని రెండు చేశా.