మగ్గాల షెడ్డులో ఎవరి మాట చెల్లాలి?

పని సరిగా సాగడం లేదనగానే మన సంస్థలకు రెండే మందులు గుర్తొస్తాయి. ఒకటి ప్రోత్సాహక వేతనం, రెండోది నిఘా. పనిచేసే మనిషికి ఏం కావాలో ఆ మనిషినే అడుగుదామన్న ఆలోచన చివరికి గానీ రాదు. అహ్మదాబాద్‌లోని కాలికో బట్టల మిల్లు కార్మికులు దానికి ఏడు దశాబ్దాల కిందటే జవాబు చూపించారు.

ఆ మిల్లులో 1952లో ఆటోమేటిక్ మగ్గాలు దిగాయి. ఒక షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది పనివాళ్లు. పనిని 12 ముక్కలుగా కోశారు. నేసేవారు, కండెలకు (నూలు చుట్టే గొట్టాలకు) నూలు నింపేవారు, తెగిన పోగులు అతికేవారు, నూనె వేసేవారు, ఊడ్చేవారు ఎవరికి వారే. పైగా ఒక్కొక్కరికి అప్పగించిన మగ్గాల లెక్క ఒక్కో రకం. ఒక మగ్గం మీద పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, ఒక్కసారిగా తెగాయనుకోండి. నేతగాడికి అది కనిపిస్తూనే ఉంటుంది, కానీ అతకడం అతనికి అప్పగించిన పని కాదు. అతికేవాడేమో మరో వరసలో ఇంకొకరి మగ్గం మీద వంగి ఉంటాడు. అతను ఎవరికీ పూర్తిగా చెందినవాడు కాదు, అందరూ అతని కోసమే ఎదురుచూస్తారు. ఈలోగా మగ్గం ఆగిపోయి ఉంటుంది. యంత్రాలు కొత్తవే అయినా బట్ట అనుకున్నంత దిగలేదు, దిగినదాంట్లోనూ లోపాలు.

1953లో, పనిచోట మనుషుల సంబంధాలను అధ్యయనం చేసే లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి వచ్చిన ఎ.కె. రైస్ ఒక చిన్న సూచన చేశారు. కొన్ని మగ్గాల పూర్తి బాధ్యతను ఒక చిన్న జట్టుకు వదిలేయమన్నారు. ఆ మాట చెవిన పడగానే కార్మికులే ఏడుగురేసి చొప్పున జట్లు కట్టుకున్నారు. ఎవరితో ఎవరు కలవాలో కూడా వాళ్లే తేల్చుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదే. మొదట్లో కొంత తడబాటు ఎదురైనా, కుదురుకున్నాక ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది.

చేనేత ఇళ్లు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. మగ్గం గుంటలో కూర్చుని ఒకరు నేస్తుంటే పక్కనే రాట్నం మీద ఇంకొకరు కండెలు చుడతారు. పోగు తెగితే చేయి ఖాళీగా ఉన్నవారు అతుకుతారు. కండెలు చుట్టిన ఆడవాళ్ల కష్టానికి కూలి లెక్క కట్టకపోవడం ఆ ఇళ్లలోని అన్యాయమే, దాన్ని దాచనక్కరలేదు. అయినా పని మొదలు నుంచి చివరిదాకా అందరి కళ్లముందే నడిచేది.

మనస్తత్వ శాస్త్రం దీనికి తర్వాత పేర్లు పెట్టింది. ఎడ్వర్డ్ డెసి 1971లో ప్రచురించిన ప్రయోగంలో, పజిల్ విప్పినందుకు డబ్బు పుచ్చుకున్న విద్యార్థులకు ఆ డబ్బు ఆగిపోయాక పజిల్ మీద ఆసక్తి తగ్గింది. రిచర్డ్ రయాన్‌తో కలిసి ఆయన ఆ తర్వాత మూడు అవసరాలను గుర్తించారు. తన పనిలో తన మాట చెల్లడం, చేతనవుతుందన్న నమ్మకం కలగడం, తోటివారిలో ఒకరిగా ఉండడం. కూలి తక్కువైనా పరవాలేదని దీనికి అర్థం తీసేవారిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మీటరుకింత అనే కూలితో సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే కార్మికుడికి ముందు కడుపు నిండాలి.

కాకపోతే ఈ మూడూ ఒక మనిషి లోపల మాత్రమే తేలేవి కావు. జట్టులో ఒకరి చేతి మీదుగా ఇంకొకరికి అందుతాయి, లేదా ఒకరి వల్ల ఇంకొకరికి అందకుండా పోతాయి. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో పదిమందిని కూర్చోబెట్టి టీమ్ అంటారు. ఏడాది చివర అదే పదిమందిని వరసలో నిలబెట్టి ఒకరికంటే ఒకరు తక్కువని రేటింగ్ ఇచ్చే సంస్థలు ఎన్నో ఉన్నాయి. పక్కవాడికి నేర్పితే తన అంకె తగ్గుతుందన్న భయం ఉన్నచోట తోడు ఎలా పుడుతుంది? గడువూ లక్ష్యమూ పైనుంచి దిగి, తోటివారిని తరమడం మాత్రమే జట్టుకు మిగిలితే, అది ఒక్క మేస్త్రీకి బదులు తొమ్మిదిమంది మేస్త్రీల కింద పనిచేయడమే.

కాలికో మిల్లులోనూ జట్లు అన్నిచోట్లా నిలవలేదు. 1970లో టావిస్టాక్ పరిశోధకుడు ఎరిక్ మిల్లర్ తిరిగి పరిశీలించేసరికి చాలా షెడ్లలో ఆ పద్ధతి కరిగిపోయింది. మార్కెట్ మారి బట్టల రకాలు మారుతూ వచ్చేసరికి, ఒత్తిడిని బయట అడ్డుకోవలసిన సూపర్‌వైజర్లు జట్టు లోపలికి దిగి పనులు పురమాయించారు. ఆటోమేటిక్ కాని పాతరకం మగ్గాలున్న ఒక్క షెడ్డులో మాత్రం, పదహారేళ్ల తర్వాత కూడా, కార్మికులు జట్లుగానే నేస్తున్నారు.