అకాకీది ఆశ కాదు, చలి

రష్యన్ రచయిత గొగోల్ ‘ఓవర్‌కోటు’ (1842) కథని నీతికథగా కుదించి పంచుకుంటున్నారు. ఒక గుమాస్తా తాహతుకు మించిన కోటు కోసం ఆశపడ్డాడట, అది దొంగలపాలైతే బెంగతో పోయాడట, కాబట్టి ఉన్నదాంతో తృప్తిపడాలట. అతను ఆఫీసులో అట్టడుగువాడనీ, ఒక దుర్మార్గపు అధికారి చేతిలో పడ్డాడనీ కూడా జోడిస్తున్నారు. కోటు దొంగలపాలైన మాట నిజమే, మిగతావేవీ కథలో లేవు.

ఆ గుమాస్తా అకాకీ అకాకియేవిచ్, దర్జీ పెత్రోవిచ్ దగ్గరికి వెళ్లింది పాత కోటుకి మాసిక వేయించుకోడానికి. గుడ్డ చివికిపోయింది, సూది గుచ్చితే ఆగదు, కొత్తది కుట్టించుకోవాల్సిందేనని చెప్పింది దర్జీయే. ఏడాది జీతం 400 రూబుళ్లు, కోటుకి 80. సాయంత్రం టీ మానేశాడు, కొవ్వొత్తి మానేశాడు, బూట్లు అరగకుండా మునివేళ్ల మీద నడిచాడు. కాలరుకి మంచి బొచ్చు కొనలేక పిల్లి బొచ్చు వేయించాడు. పీటర్స్‌బర్గ్ చలిలో దీన్ని విలాసం అనడానికి నాకు మనసొప్పదు. పోయింది కూడా బెంగతో కాదు. పాత కోటుతో మంచు తుఫానులో నడిచి వచ్చాడు, గొంతు వాచింది, జ్వరం ముంచుకొచ్చింది.

అట్టడుగు అన్న మాటా తప్పే. రష్యా చక్రవర్తి (జార్) పీటర్ 1722లో ప్రభుత్వోద్యోగుల హోదాలకు పెట్టిన 14 మెట్ల పట్టికలో అతనిది 9వది, కింద ఇంకా ఐదున్నాయి. అప్పట్లో 8వ మెట్టెక్కితే వంశపారంపర్యంగా కులీన హోదా దక్కేది. అతను ఆ గడప ఇవతలే ఉండిపోయాడు. హోదా ఉన్నా, అతను వస్తే కాపలావాళ్లు లేచి నిలబడరు. తోటి గుమాస్తాలు కాగితం ముక్కలు నెత్తిన పోసి మంచు కురుస్తోందంటారు. కొత్త కోటు తొడుక్కున్న రోజు వాళ్లే చుట్టుముట్టి విందు అడిగారు. మనిషి అతనే, పనీ అదే.

ఇక ఆ అధికారి. గొగోల్ అతనికి పేరు పెట్టడు, ‘ప్రముఖ వ్యక్తి’ అంటాడు. లోపల మంచివాడేననీ, సాటివాళ్లతో మర్యాదగానే ఉంటాడనీ స్పష్టంగా రాశాడు. ఒక్క మెట్టు కిందివాడు ఎదురుపడితే మాత్రం ఎలా మసలాలో పాలుపోదు. పదవి రావడానికి వారం ముందే అద్దం ముందు నిలబడి గద్దింపు సాధన చేశాడు. పోయిన కోటు వెతికించమని అకాకీ మొర పెట్టుకుంటే, దరఖాస్తు ముందు కచేరీలో ఇవ్వాలి, అక్కణ్ణుంచి హెడ్‌క్లర్కుకి, సెక్షన్ అధికారికి, సెక్రటరీకి వెళ్లాలి, ఆ తర్వాతే తన దగ్గరికని గర్జించాడు. పక్కన పాత స్నేహితుడున్నాడు, అతని ముందు దర్పం చూపించాలి. అకాకీ కుప్పకూలబోతే కాపలావాళ్లు పట్టుకుని మోసుకుపోయారు. వారం తర్వాత మనసు ఊరుకోక, సాయం చేద్దామని ఆరా తీయించిందీ ఈ అధికారే. అకాకీ చనిపోయాడని తెలిసి రోజంతా కలతపడ్డాడు. దుర్మార్గుడికి ఆ కలత ఎందుకు?