హోమోజినైజర్ గారి సముఖమునకు

కణజాలాన్ని రుబ్బే యంత్రమైన మహారాజశ్రీ హోమోజినైజర్ గారికి, రొమ్ము క్యాన్సర్ ప్రయోగశాల నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

మీ సమదృష్టి లోకోత్తరమైనది. సూదితో తీసిన బయాప్సీ ముక్కను ఉక్కు పూసలున్న ట్యూబులో వేసి మీకు అప్పగిస్తే, రెండు నిమిషాలు తిరిగేసరికి క్యాన్సర్ కణమనీ, కొవ్వు కణమనీ, దాని మీదికి దండెత్తి వచ్చిన రోగనిరోధక సైనికుడైన టి-కణమనీ తేడా చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టి, లేత గులాబి రంగు కలకనీరుగా మా చేతికిస్తారు. అందులోంచి, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చెప్పే ఆర్‌ఎన్‌ఏ తీసి చదివితే సీడీ8 (క్యాన్సర్ కణాలను చంపే టి-కణాల గుర్తు) ఇంత, పీడీ-ఎల్1 (టి-కణాలను ఆపే ప్రోటీన్) ఇంత అని మహా గంభీరమైన పట్టిక వస్తుంది. ఆ సీడీ8 కణాలు గడ్డ నడుమ ఉన్నాయా, అంచున కాచుకుని ఉన్నాయా, లేక గడ్డ ఊసే పట్టకుండా పక్కనున్న కొవ్వులో కాలక్షేపం చేస్తున్నాయా అని అడిగితే మాత్రం మీరు మౌనవ్రతం పడతారు.

మీ సేవలను మరిచేంత కృతఘ్నులం కాము. 2000లో చార్లెస్ పెరూ బృందం రొమ్ము కణితులను జన్యువుల తీరును బట్టి రకాలుగా విడదీసినా, 2002లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 70 జన్యువులతో జబ్బు తిరగబెట్టే ముప్పును అంచనా కట్టినా, అదంతా నలిగిన కణజాలం చలవే. చిక్కల్లా రోగనిరోధక కణాల దగ్గరే వచ్చింది.

2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 41 మంది ట్రిపుల్ నెగటివ్ (మందులకు గురిగా దొరికే మూడు ప్రోటీన్లూ లేని) రొమ్ము క్యాన్సర్ రోగుల కణితులను మీకు అప్పగించకుండా, పలుచని పొరలుగా కోసి గాజు పలకల మీద పరిచారు. ఒక్కో ప్రోటీన్‌కు అతుక్కునే ఒక్కో యాంటీబాడీకి ఒక్కో లోహాన్ని తగిలించి, అయాన్ల పుంజంతో ఆ పొరను చుక్కచుక్కగా చదివి, 36 ప్రోటీన్లు ఎక్కడెక్కడున్నాయో పటం గీశారు. కొన్ని గడ్డల్లో రోగనిరోధక కణాలు దాదాపు లేవు. కొన్నిటిలో అవి క్యాన్సర్ కణాలతో కలగాపులగంగా ఉన్నాయి. మరికొన్నిటిలో మధ్య గట్టు వేసినట్టు విడిగా నిలిచాయి. శత్రువుల నడుమకు చొరబడ్డ సైన్యమే గెలుస్తుందని ఎవరైనా అనుకుంటారు గదా. తీరా చూస్తే గట్టు ఉన్న గడ్డల వారే కలగాపులగం గడ్డల వారికంటే ఎక్కువ కాలం బతికారు. పైగా కలగాపులగం గడ్డల్లో పీడీ-ఎల్1 ఎక్కువగా క్యాన్సర్ కణాల మీద ఉంటే, గట్టు ఉన్నవాటిలో అది ఎక్కువగా రోగనిరోధక కణాల మీదే కనిపించింది. మీ పట్టికలో రెండింటికీ ఒకటే గడి.

41 మంది అంటే చిన్న గుంపేనని ఒప్పుకుంటాను. కానీ తమ ఘనతను తమరే గమనించినట్టు లేదు: మీ ట్యూబులోకి దిగిన ప్రతి గడ్డా కలగాపులగం కోవలోకే చేరుతుంది. ఉన్న గట్టును స్వహస్తాలతో తెగ్గొట్టి, గట్టు ఉన్న దాఖలాయే లేదని ధ్రువపత్రం ఇవ్వగల అధికారి మీరొక్కరే.

ఇది కేవలం పండితుల ముచ్చట అయితే ఇంత దూరం రాయకపోదును. రోగనిరోధక కణాలను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ అందరికీ పనిచేయదు. కొందరిలో థైరాయిడ్‌నో అడ్రినల్ గ్రంథులనో శాశ్వతంగా దెబ్బతీస్తుంది. అది ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి, ఆ మందును పరీక్షించిన నియోట్రిప్ అనే ప్రయోగంలోని 279 మంది నుంచి చికిత్సకు ముందు, మధ్యలో, తర్వాత తీసిన ముక్కలను 43 ప్రోటీన్లతో పరిశీలించి 2023లో ప్రచురించారు. విభజన చెందుతున్న ఒక రకం సీడీ8 కణాలు, టి-కణాలకు ఆనవాళ్లు చూపే ఎంహెచ్‌సీ-2 అనే ప్రోటీన్‌ను ప్రదర్శించే క్యాన్సర్ కణాలు ఎక్కువగా ఉన్నచోట మందు పనిచేసే అవకాశం ఎక్కువని తేలింది. వాటి తర్వాతి స్థానం ఇరుగుపొరుగుదే, అంటే క్యాన్సర్ కణానికి ఆనుకుని యాంటీబాడీలు తయారుచేసే బి-కణం ఉందా, కణాలను చంపే గ్రాంజైమ్-బి అనే ఆయుధం పట్టుకున్న టి-కణం ఉందా అన్నదే. ఇరుగుపొరుగు సంగతి మిమ్మల్ని అడగడం మా అవివేకం.

అయినా మీరు దిగులు పడనక్కరలేదు, మీ వంశానికి ఢోకా లేదు. కణజాలంలో ఏ జన్యువు ఎక్కడ పనిచేస్తోందో చుక్కల వారీగా చూపే విసియం స్లైడు తొలి రూపంలో ఒక్కో చుక్క వ్యాసం 55 మైక్రాన్లు. ఒక్కో చుక్కలో పలు కణాలు పడతాయి, వాటి మిశ్రమమే మాకు అందుతుంది. పేరుకు స్పేషియల్ (చోటు చూపేది), పనికి మీ బుల్లి మనవడు. విడి కణాలను చూపే యంత్రాలేమో తరచు మిల్లీమీటరంత మేర చూసి, గడ్డ మొత్తం మీద తీర్పు చెప్పడానికి ఉబలాటపడుతుంటాయి. వాటికి వేరే ఉత్తరం రాసుకోవాలి.

కనుక తమరిని పదవీ విరమణ చేయమనడం లేదు. ట్యూబులోకి దించే ముందు ఆ ముక్క నుంచి నాలుగైదు మైక్రాన్ల పొర ఒక్కటి కోసి, గాజు పలక మీద పరుచుకోనివ్వండి. మిగిలినదాన్ని యథాప్రకారం రుబ్బుకోవచ్చును. చిత్తగించవలెను.

ఇట్లు,
తమకు ముక్కలందించే విధేయుడు