డీజిల్ మీద పేరు రాయించుకోలేం

ఉచిత అంబులెన్సు వచ్చినప్పటి నుంచి ఊళ్లో శాంతిభద్రతలు దెబ్బతిన్నాయని ఏరియా ఆసుపత్రి గేటు దగ్గరి కిరాయి బండ్లవాళ్ల ఆవేదన. వాళ్ల బాధ అర్థం చేసుకోవాలి. వేపచెట్టు కింద నాలుగు బండ్లు, వాటికో సీరియల్. ఆ సీరియల్ ఎంత పవిత్రమంటే, ముందున్నది సిలిండరు లేని ఓమ్నీ అయినా ఆయాసపడే రోగి అందులోనే ఎక్కాలి. కిరాయి రానూపోనూ. తిరుగు ప్రయాణంలో రోగి ఉండడు కానీ, ఆ ఖాళీ స్ట్రెచరుకూ కట్టాల్సింది రోగి వాళ్లే. వెయిటింగు వేరు. వార్డుబాయ్ వాటా పాలలో నీళ్లలా కిరాయిలోనే కలిసిపోతుంది. శవమైతే రేటు ఇంకోటి. పోయిన మనిషి బేరమాడడన్న ధైర్యం కాబోలు.

అవతలి పక్షం సేవా సంఘం. బండి ఎవరి తండ్రిగారి జ్ఞాపకార్థమో వచ్చింది. రెండు పక్కలా నిలువెత్తు ఫొటో, దాత పేరు, వంశవృక్షం. మిగిలిన చోట 'అంబులెన్స్' అని రాశారు. రిబ్బను కత్తిరించడానికి ఊరంతా వచ్చింది. రాత్రి రెండింటికి మాత్రం డ్రైవరు ఫోను స్విచ్చాఫ్. పాపం, ఆ కుర్రాడికి జీతం లేదు, పగలంతా ఆటో తోలతాడు. బండి ఇచ్చే దాతలు దొరుకుతారు, డీజిల్ పోయించే దాత ఇంకా పుట్టలేదు. డీజిల్ మీద పేరు రాయించుకోలేం కదా! ఇన్సూరెన్సు, టైర్లు, ఫిట్‌నెస్ కూడా ఆ కోవలోవే. వారం రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది కాబట్టి, సేవా బండిని నలుగురు యువకులు తోసి స్టార్టు చేయడం ఆచారంగా స్థిరపడింది.

108 వచ్చిందంటే మాత్రం ఇరుపక్షాలూ ఏకమవుతాయి. 2005లో హైదరాబాదులో మొదలైన ఈ ఉచిత సర్వీసు ఇద్దరికీ ఉమ్మడి శత్రువు. అయితే అది శవాన్ని ఎక్కించుకోదు. అక్కడే వేపచెట్టు రాజ్యం. 2022 ఏప్రిల్‌లో తిరుపతిలో అడిగినంత ఇవ్వలేక, బయటి బండిని అక్కడి బండ్లవాళ్లు రానివ్వకపోవడంతో, ఒక తండ్రి కొడుకు శవాన్ని సుమారు 90 కిలోమీటర్లు మోటారు సైకిలు మీద తీసుకెళ్లాడు. ఇది వ్యంగ్యానికి అందే విషయం కాదు.

ఈ ధర్మయుద్ధంలో ఏ పక్షమూ వహించనిది ఆక్సిజన్ సిలిండరు. దానికి తెలిసింది లెక్క ఒక్కటే. బి టైపు సిలిండరు నిండుగా ఉంటే గేజీ ముల్లు 150 దగ్గర నిలుస్తుంది, లోపల సుమారు 1,500 లీటర్లు. మాస్కుకు నిమిషానికి 10 లీటర్లు వదిలితే రెండున్నర గంటలు. ముల్లు 75 మీద ఉంటే గంటంబావు. పెద్దాసుపత్రికి రెండు గంటల దారి. 'బయటి బండి లోపలికి రాకూడదు' అన్న అంశంపై గేటు దగ్గర జరిగే అరగంట గోష్ఠికి 300 లీటర్లు ఖర్చు. రెగ్యులేటరు వాషరు అరిగితే గోష్ఠి లేకపోయినా సుయ్యిమంటూ పోతుంది. కట్టేద్దామంటే సిలిండరు కీ డ్రైవరు ఇంట్లో ఉంటుంది.

రాజీ సూచన ఒకటి వచ్చింది. ఫ్లెక్సీల డబ్బుతో రాత్రి డ్రైవరుకు జీతం, కీని సిలిండరుకే గొలుసుతో కట్టడం, రోజూ పొద్దున్నే గేజీ రీడింగును పుస్తకంలో రాయడం. మొదటి రెండింటికీ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. మూడోది, పుస్తకం అట్ట మీద ఎవరి ఫొటో వేయాలన్న దగ్గర ఆగింది.