సైన్స్ మేజర్ ఎంచుకునేవారు కోర్ నిబంధనలను ముందే చదవాలి

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి పిల్లలు దరఖాస్తు చేసే తెలుగు ఇళ్లలో ర్యాంకుల గురించి, ఫీజుల గురించి నెలల తరబడి చర్చ జరుగుతుంది కానీ, జనరల్ ఎడ్యుకేషన్ (కోర్) నిబంధనల పేజీని తెరిచి చూసేవారు తక్కువ. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏదైనా అందరూ పూర్తి చేయాల్సిన సాహిత్యం, చరిత్ర, కళలు, విదేశీ భాష వంటి కోర్సులు అందులో ఉంటాయి. సైన్స్ చదవాలని ముందే నిర్ణయించుకున్న విద్యార్థికి ర్యాంకు కన్నా ఆ పేజీయే ముఖ్యమని నా అభిప్రాయం.

ఫిజిక్స్‌నే తీసుకుంటే, కాలిక్యులస్ రాకుండా మెకానిక్స్ ముందుకు సాగదు, అది పూర్తయితే గానీ విద్యుదయస్కాంతత్వం, ఆ పైన క్వాంటం మెకానిక్స్ అందవు. పైస్థాయి కోర్సుల్లో కొన్నింటిని ఏడాదికి ఒక్కసారే నిర్వహిస్తారు కనుక, ఒక మెట్టు తప్పితే ఏడాది ఆగాల్సి రావచ్చు.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా అన్నయ్య కూతురు ఒక కాలేజీ నిబంధనలను ముందు పెట్టుకుని, కాగితం మీద ఎనిమిది సెమిస్టర్లకు ఎనిమిది గళ్లు గీసి పెన్సిల్‌తో నింపడం మొదలుపెట్టింది. మూడో గడికి వచ్చేసరికి రెండు మధ్యాహ్నాలు ల్యాబ్‌లకే పోయాయి, తప్పనిసరి చర్చా తరగతి కూడా సరిగ్గా అదే వేళకు పడింది. చెరిపి రాసి, చెరిపి రాసి ఆ గడి దగ్గర కాగితం పలచబడిపోయింది.

కాబట్టి ఎన్ని కోర్సులు అన్నదానికన్నా, వాటిని ఎవరు ఎంచుతారు, ఎప్పుడు చదవాలి అన్నదే అసలు ప్రశ్న. ఎంఐటీలో ప్రతి విద్యార్థీ మానవీయ, కళా, సామాజిక శాస్త్రాల్లో 8 కోర్సులు చదవాలి. సంఖ్య పెద్దదే అయినా ఎంపికలో చాలా భాగం విద్యార్థిదే. కొలంబియా విశ్వవిద్యాలయంలోని కొలంబియా కాలేజీలో మాత్రం మొదటి ఏడాది లిటరేచర్ హ్యుమానిటీస్ అనే సాహిత్య కోర్సు, రెండో ఏడాది 1919 నుంచి కొనసాగుతున్న కాంటెంపరరీ సివిలైజేషన్ అనే తాత్విక, రాజకీయ చింతన కోర్సు చదవాలి. వీటికి తోడు కళ, సంగీతం, నాలుగు సెమిస్టర్లకు సమానమైన విదేశీ భాషా పరిజ్ఞానం కూడా కావాలి. మరో కొసన బ్రౌన్ విశ్వవిద్యాలయం ఉంది. 1969లో వచ్చిన ఓపెన్ కరికులమ్ ప్రకారం అక్కడ రాత నైపుణ్యం చూపితే చాలు, మేజర్ కోర్సులు పోను తక్కినదంతా విద్యార్థి ఇష్టం.

సాహిత్యం, చరిత్ర సైన్స్ విద్యార్థికి అనవసరమని నేను ఎంతమాత్రం అనను. తన ప్రయోగ ఫలితాన్ని స్పష్టంగా రాయలేని శాస్త్రవేత్త సగం పనే చేసినట్టు. పునాది సైన్స్ కోర్సులు చదవాల్సిన మొదటి రెండేళ్లలోనే వీటినీ బిగించడం మీదనే నా అభ్యంతరం.

టెక్సాస్‌లో ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో 42 క్రెడిట్ల కోర్ తప్పనిసరి, అందులో 6 అమెరికా చరిత్రకు, 6 ప్రభుత్వ వ్యవస్థకు పోతాయి. అయితే హైస్కూల్లో ఉండగానే డ్యూయల్ క్రెడిట్ (ఒకే కోర్సు హైస్కూలుకూ, కాలేజీకీ లెక్కకు వచ్చే పద్ధతి) ద్వారా ఈ కోర్సులను కమ్యూనిటీ కాలేజీలో పూర్తి చేస్తే ఆ విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తాయి. ఇతర చోట్ల ఇదే వీలుంటుందని అనుకోకూడదు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్షలకు క్రెడిట్ ఇవ్వదు.

ఒకే ప్రాంగణంలోనూ నిబంధనలు మారతాయి. కొలంబియాలోనే ఇంజినీరింగ్ స్కూల్ ద్వారా అప్లయిడ్ ఫిజిక్స్‌లో చేరితే కోర్ భారం బాగా తగ్గుతుంది, కానీ ఏ స్కూలో దరఖాస్తులోనే తేల్చుకోవాలి.